చిత్తడి సీమలో చక్రాల ఇల్లు: విడిది ఎంపికలో వివేకం

ప్రయాణం ఇస్లాంలో నిషిద్ధం కాదు, నిరర్థకమూ కాదు. భూమిపై సంచరించి, గతించిన జాతుల పర్యవసానం చూసి గుణపాఠం నేర్చుకొమ్మని దివ్య ఖుర్‌ఆన్ పదే పదే పురికొల్పుతున్నది. అదే సమయంలో, ప్రయాణం మనిషికి తిండినీ నీటినీ నిద్రనూ దూరం చేసే ఒక యాతన అని, పని ముగియగానే త్వరగా ఇంటివారిని చేరుకోవాలని దైవప్రవక్త ముహమ్మద్ (స) ఉపదేశించారు. అంతేకాదు, ఎక్కడ దిగాలో కూడా ఆయన నేర్పారు. రాత్రివేళ విడిది చేయవలసి వస్తే దారికి ఎడంగా దిగాలి. రాత్రిపూట ఆ దారులు జంతువులకూ విషకీటకాలకూ నెలవులవుతాయి. ఒంటెల బిడారులనుద్దేశించి పలికిన ఈ మాట, నేడు ఆరు చక్రాల వాహనంలో పోయే కుటుంబానికి కూడా అక్షరాలా వర్తిస్తుంది. విడిది స్థలాన్ని ఎంచుకోవడం ప్రయాణికుని బాధ్యతలలో ఒకటి.

ఈ నెల మా శీర్షికకు ఈ అంశాన్ని తీసుకోవడానికి కారణమున్నది. మన తెలుగు ముస్లిం కుటుంబాలకు చెందిన ఎందరో యువకులు అమెరికాలోని హూస్టన్, డాలస్ నగరాలలో స్థిరపడ్డారు. వేసవి సెలవులు రాగానే గుంటూరు నుండో, కర్నూలు నుండో, నల్లగొండ నుండో అమ్మీ, అబ్బాలను పిలిపించుకుంటారు. వారికి నాలుగు చోట్లు చూపించాలన్న తపనతో ఆర్‌.వి. అద్దెకు తీసుకుని పొరుగు రాష్ట్రమైన లూసియానాకు బయలుదేరుతారు. ఆర్‌.వి. అంటే చక్రాల మీది ఇల్లు. అందులోనే పడకలు, వంటగది, మరుగుదొడ్డి, ఏసీ ఉంటాయి. దానిని నిలుపుకోవడానికి రుసుము తీసుకుని చోటు, కరెంటు, నీళ్ళు ఇచ్చే ప్రాంగణాన్ని ఆర్‌.వి. పార్కు అంటారు. స్వంత వంటగది, స్వంత మరుగుదొడ్డి, పర్దా ఉన్న పడక కలిగిన ఈ పద్ధతి మన కుటుంబాలకు ఎంతో అనుకూలమైనదే. కాని లూసియానా నేల వేరు, గాలి వేరు. అక్కడ పార్కును చిత్రాలు చూసి ఎంచుకుంటే సరిపోదు.

బయూ సీమ స్వభావం

లూసియానా దక్షిణ భాగాన్ని బయూ సీమ అంటారు. ‘బయూ’ అనేది అక్కడి ఆదివాసులైన చోక్టా ప్రజల భాష నుండి వచ్చిన పదం. చిన్న వాగు అని దాని అర్థం. మిసిసిపీ మహానది తన డెల్టాలో పాయలు పాయలుగా చీలి, కదులుతున్నదో లేదో తెలియనంత నెమ్మదిగా పారే నీరు అది. గోదావరి, కృష్ణా డెల్టాలలోని పాయలనూ, కోరంగి మడ అడవులనూ చూసినవారు ఆ దృశ్యాన్ని సులభంగా ఊహించుకోగలరు. నీటిలోనే నిలబడి పెరిగే సైప్రస్ చెట్లు, వాటి కొమ్మల నుండి బూడిద రంగు జడలవలె వేలాడే నాచు, నీటి అంచున మొసళ్ళు, ఆకాశంలో కొంగల బారులు. బాటన్ రూజ్, లాఫయెట్ పట్టణాల నడుమ విస్తరించిన అచఫలాయా చిత్తడి అమెరికాలోకెల్లా పెద్ద నదీ చిత్తడి. దానిపై రహదారి వంతెన పొడవే దాదాపు 29 కిలోమీటర్లు. వంతెన మీద ఎక్కడబడితే అక్కడ ఆగడం కుదరదు. పిల్లల, పెద్దల అవసరాలు ముందే ముగించుకుని వంతెన ఎక్కడం మంచిది.

సృష్టికర్త కళాకౌశలాన్ని చూడదగిన చోటు అది. అయితే న్యూ ఆర్లియన్స్‌లో ఏటా కురిసే వాన 1,500 మిల్లీమీటర్లకు పైమాటే. హైదరాబాదుకు ఇది దాదాపు రెట్టింపు. నేల పల్లం, గాలి తేమ, నీరు వెచ్చన. మనం పరిశీలించవలసిన జాగ్రత్తలన్నీ ఈ మూడింటి నుండే పుడతాయి.

మొదటి ప్రశ్న: ఏ నెలలో?

పార్కు ఏదని అడగడానికి ముందు నెల ఏదని అడగాలి. అమ్మీ, అబ్బాలు సాధారణంగా మే, జూన్ నెలలలో అక్కడికి చేరుతారు. సరిగ్గా అప్పటి నుండి సెప్టెంబరు వరకు బయూ సీమలో ఉక్కపోత తీవ్రంగా ఉంటుంది. “మేము రాయలసీమ ఎండలు చూసినవాళ్ళం, ఇదొక లెక్కా?” అని పెద్దలు అనవచ్చు. పొడి ఎండలో చెమట ఆరి శరీరం చల్లబడుతుంది, కూలర్ పనిచేస్తుంది, కుండలో నీళ్ళు చల్లగా ఉంటాయి. తేమ నిండిన గాలిలో చెమట ఆరదు. ఉష్ణోగ్రత 32 డిగ్రీలే ఉన్నా, గాలిలో తేమ 70 శాతం ఉంటే శరీరానికి అది దాదాపు 41 డిగ్రీల వేడితో సమానం. బందరు, కాకినాడ వాసులకు ఈ సంగతి కొంత అనుభవమే. నల్లగొండ, కడప వాసులకు కొత్త.

వయసు మళ్ళినవారికి దాహం త్వరగా తెలియదు. రక్తపోటుకు వాడే మందులలో కొన్ని శరీరంలోని నీటిని బయటికి పంపుతాయి. మధుమేహం ఉన్నవారి ఇన్సులిన్ వేడికి పాడవుతుంది. వీటన్నింటినీ మించిన సంగతి మరొకటున్నది. మన పెద్దలు చెప్పరు. కొడుకు సెలవు పెట్టి, వేల మైళ్ళ దూరం నుండి పిలిపించి, డబ్బు ఖర్చుపెట్టి తిప్పుతున్నాడు. అతని మనసు నొప్పించకూడదని, తల తిరుగుతున్నా “బాగానే ఉంది బేటా” అంటారు. తల్లిదండ్రుల ముందు ‘ఉఫ్’ అనడాన్ని కూడా ధర్మం వారించింది. అంతటి హక్కు గలవారి మౌనాన్ని అంగీకారంగా భావించడం ఉత్తమ ప్రవర్తన కాజాలదు. వారిని అడగాలి, అడిగే తీరులో అడగాలి. “మీకు ఇష్టమేనా?” అని అడిగితే “మీ ఇష్టం” అన్న జవాబే వస్తుంది. “అబ్బా, చలికాలంలో అడవి వైపు పోదామా, ఇప్పుడు ఊళ్ళోనే ఉందామా?” అని రెండు దారులు చూపితే వారి మనసు బయటపడుతుంది.

మా సలహా సూటిగా చెబుతున్నాం. అక్టోబరు చివరి నుండి ఏప్రిల్ వరకు బయూ సీమకు తగిన కాలం. నవంబరులో వచ్చే థ్యాంక్స్ గివింగ్ సెలవులు, డిసెంబరు సెలవులు, మార్చిలో పాఠశాలల వసంత సెలవులు ఇందుకు అనుకూలం. వీలైతే పెద్దల రాకనే చలికాలానికి మార్చుకోండి. వేసవిలోనే తప్పదనుకుంటే రెండు రాత్రులకు మించకుండా, పగటివేళ ఏసీలోనే గడిపేటట్లు ఏర్పాటు చేసుకోండి. పెద్దలకు గుండెజబ్బు, ఉబ్బసం, మూత్రపిండాల జబ్బు ఉన్నట్లయితే వేసవి యాత్రను మానుకోవడమే మేలు. మాటలో తడబాటు, స్పృహ తప్పడం, ఒళ్ళు కాలిపోవడం వంటివి కనిపిస్తే సందేహించకుండా 911కు ఫోను చేయాలి. సందర్శకులుగా వచ్చిన తల్లిదండ్రుల పేరిట వైద్య బీమా తీసుకుని, ఆ పత్రాన్ని వెంట ఉంచుకోవడం, పార్కుకు దగ్గరలోని ఆసుపత్రి ఎంత దూరమో ముందే చూసుకోవడం అత్యవసరం.

నేల ఎత్తు, నీటి దారి

రెండవది నేల. 2016 ఆగస్టులో బాటన్ రూజ్ పరిసరాలు పేరున్న తుపాను ఏదీ లేకుండానే, రోజుల తరబడి కురిసిన వానకే మునిగాయి. వేలాది ఇళ్ళు నీటిపాలయ్యాయి. కాబట్టి “నీటి అంచున స్థలం” అన్న ప్రకటనకు మురిసిపోరాదు. అమెరికా ప్రభుత్వ విపత్తు సంస్థ ఫెమా ప్రతి చిరునామాకూ వరద పటాలను ఉచితంగా అందుబాటులో ఉంచింది. పార్కు చిరునామా ఇచ్చి చూస్తే ‘ఎ’, ‘వి’ అక్షరాలతో మొదలయ్యే మండలాలు వరద ముప్పు ఎక్కువ గలవని, ‘ఎక్స్’ మండలం సాపేక్షంగా తక్కువ ముప్పు గలదని తెలుస్తుంది.

పార్కులో కూడా అన్ని స్థలాలూ సమానం కావు. గడ్డినేల కన్నా కంకర పరచిన స్థలం, దానికన్నా సిమెంటు గచ్చు మేలు. వాన నీరు వాహనం నుండి దూరంగా పోయే వాలు ఉండాలి. గచ్చు అంచున ఎండిన బురద చారలు కనిపిస్తే అక్కడ నీరు నిలుస్తున్నదని గ్రహించాలి. లోపలికి ప్రవేశించే దారి ఒక్కటేనా, అది పల్లంలో ఉన్నదా అని అడగాలి; పార్కు పొడిగా ఉండి దారి మునిగినా మనం బందీలమే. కొత్తగా ఆర్‌.వి. నడిపేవారు వెనక్కి తోలనవసరం లేకుండా నేరుగా వచ్చి నేరుగా పోయే స్థలాన్నే కోరుకోవాలి.

నీడ సంగతి. ఓక్ చెట్ల నీడ ఏసీ భారాన్ని తగ్గిస్తుంది. కాని ఎండు కొమ్మలు గాలివానకు విరిగి పైకప్పు మీద పడతాయి. పచ్చని, ఆరోగ్యవంతమైన చెట్టు పడమటి దిక్కున కొంత ఎడంగా ఉన్న స్థలం శ్రేష్ఠం. అమెరికా ఆర్‌.వి.లకు తలుపూ, పందిరీ కుడివైపున ఉంటాయి. ఆ వైపు ఉత్తరానికో తూర్పుకో ఉండేటట్లు స్థలం దొరికితే, సాయంత్రం వాహనమే నీడనిస్తుంది. పెద్దలు హాయిగా బయట కూర్చోవచ్చు.

కరెంటు లెక్క

పార్కులలో కరెంటు రెండు రకాలు: 30 ఆంపియర్లు, 50 ఆంపియర్లు. పేర్లు చూస్తే తేడా స్వల్పమనిపిస్తుంది. నిజానికి 30 ఆంపియర్ల కనెక్షన్ గరిష్ఠంగా 3,600 వాట్లు ఇస్తుంది. 50 ఆంపియర్ల కనెక్షన్‌లో రెండు తీగలు ఉండడంవల్ల 12,000 వాట్లు ఇస్తుంది. మొదటి దానిలో ఒక ఏసీ నడుస్తుండగా టీ కోసం విద్యుత్ కెటిల్, అన్నం కోసం కుక్కర్ కలిపి పెడితే కరెంటు తెగిపోతుంది. బయూ సీమ వేసవిలో ఏసీ ఆగితే ఆ ఇనుప పెట్టె అరగంటలో కొలిమి అవుతుంది. కాబట్టి పెద్ద కుటుంబానికి, రెండు ఏసీల వాహనానికి 50 ఆంపియర్ల స్థలమే సరైనది. వాహనం కూడా దానికి తగినదై ఉండాలి. పాత పార్కులలో మధ్యాహ్నవేళ అందరూ ఏసీలు వేయగానే వోల్టేజి పడిపోయి యంత్రాలు పాడవుతాయి. హెచ్చుతగ్గుల నుండి కాపాడే పరికరాన్ని వాహనం ఇచ్చేవారిని అడిగి తీసుకోవాలి.

కరెంటు పోయినప్పుడు జనరేటరును ఆశ్రయించేవారు జాగ్రత్త వహించాలి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. 2020లో లారా తుపాను తరువాత లూసియానాలో మరణించినవారిలో అనేకులు ఈ పొగవల్లనే ప్రాణాలు కోల్పోయారు. బయట పెట్టే జనరేటరును కనీసం 6 మీటర్ల దూరంలో, కిటికీలకు ఎడంగా ఉంచాలి. వాహనంలోని హెచ్చరిక పరికరం పనిచేస్తున్నదో లేదో మొదటి రాత్రే మీట నొక్కి చూడాలి. నిద్రపోయే ముందు నిప్పు ఆర్పివేయమన్న దైవప్రవక్త (స) ఉపదేశాన్ని ఇంటి నాలుగు గోడలకే పరిమితం చేయకూడదు.

వుజూ నీరు, మురుగు తొట్టి

ఇక మన కుటుంబాలకు ప్రత్యేకమైన అంశం. ఆర్‌.వి. పార్కుల సమాచారం అందించేవారెవరూ దీనిని ప్రస్తావించరు. ఆర్‌.వి.లో వాడిన నీరు రెండు తొట్టెలలోకి పోతుంది: చేతులు, పాత్రలు కడిగిన నీరు ఒకదానిలోకి, మరుగుదొడ్డి నీరు మరొకదానిలోకి. ఒక్కో తొట్టి సాధారణంగా 115 నుండి 150 లీటర్లు పడుతుంది. ఐదుగురున్న కుటుంబంలో ఐదు పూటల వుజూ అంటే రోజుకు 25 వుజూలు. కొళాయి తెరిచి ఉంచి చేస్తే ఒక్కో వుజూకు 4 లీటర్లు అనుకున్నా 100 లీటర్లు అవుతుంది. వంట, స్నానాలు కలిపితే తొట్టి ఒక్క రోజులోనే నిండిపోతుంది. శౌచానికి మనం నీరే వాడతాం కాబట్టి రెండవ తొట్టి కూడా ఇతరులకన్నా త్వరగా నిండుతుంది.

అందుచేత నీరు, కరెంటుతో పాటు మురుగు గొట్టం కూడా స్థలం వద్దనే ఉన్న పార్కును ఎంచుకోవాలి. లూసియానా రాష్ట్ర ప్రభుత్వ పార్కులు అందమైనవి, ప్రశాంతమైనవి. న్యూ ఆర్లియన్స్ సమీపాన బయూ సెగ్నెట్, పాంట్‌చర్‌ట్రెయిన్ సరస్సు ఒడ్డున ఫౌంటెన్‌బ్లూ, సెయింట్ మార్టిన్‌విల్ దగ్గర లేక్ ఫాస్ పాయింట్, అబ్బెవిల్ దగ్గర పామెట్టో ఐలాండ్ అటువంటివే. అయితే ప్రభుత్వ పార్కులలో చాలా స్థలాలకు నీరు, కరెంటు మాత్రమే ఉండి, మురుగును వాహనంతో పాటు ఉమ్మడి స్థలానికి తీసుకుపోయి వదలవలసి వస్తుంది. బుక్ చేసే ముందు ఆ స్థలం నంబరుకు ఏమేమి ఉన్నాయో విడిగా చూసుకోవాలి.

పరిష్కారంలో సగం మన చేతిలోనే ఉన్నది. దైవప్రవక్త (స) ఒక ‘ముద్’ నీటితో, అంటే దాదాపు ముప్పాతిక లీటరుతో వుజూ చేసేవారు. ఆ లెక్కన 25 వుజూలకు 20 లీటర్లు చాలవా? ఒక చిన్న లోటా దగ్గర పెట్టుకుని కొళాయి కట్టివేస్తే సున్నత్ ఆచరణా జరుగుతుంది, తొట్టీ నిండదు. పారే నది ఒడ్డున కూడా నీటిని వృథా చేయరాదన్న బోధ ఆ బయూ గట్టునే పిల్లలకు అర్థమవుతుంది. తొట్టి నిండిందని మురుగును చెట్ల మధ్య, నీటిలో వదలడం చట్టవిరుద్ధం మాత్రమే కాదు. ప్రజలు వాడుకునే నీటి వద్ద, దారిలో, నీడపట్టున మలినం చేయడం శాపకారణమని మన ధర్మం హెచ్చరించింది.

ముక్కులో నీరు విషయంలో ఒక మాట. వెచ్చని మంచినీటిలో నేగ్లేరియా ఫౌలరీ అనే కంటికి కనిపించని జీవి ఉండవచ్చు. అది తాగిన నీటివల్ల హాని చేయదు. ముక్కులో లోతుగా పోతే మెదడుకు చేరుతుంది. చాలా అరుదు, కాని సోకితే దాదాపు ప్రాణాంతకం. 2011లో లూసియానాలో కొళాయి నీటితో ముక్కు కడుక్కునే పాత్రను వాడిన ఇద్దరు దీనివల్ల మరణించారు. పాకిస్తానులోని కరాచీలోనూ శుద్ధి చేయని నీటితో వుజూ చేసినవారికి సోకిన సందర్భాలున్నాయి. కాబట్టి బయూ నీటితోగాని, ఎండలో రోజుల తరబడి తొట్టిలో నిలిచిన నీటితోగాని ముక్కును లోతుగా శుభ్రం చేయరాదు. ఒక నిమిషం మరగబెట్టి చల్లార్చిన నీటిని ఒక సీసాలో అందుకోసమే ఉంచుకుంటే నిశ్చింత. ఉపవాసి ముక్కులోకి నీటిని లోతుగా పీల్చకూడదని దైవప్రవక్త (స) స్వయంగా మినహాయించారు. హాని శంక ఉన్నచోట మృదువుగా చేయడం విషయమై మీ ధర్మపండితులను అడిగి తెలుసుకోండి. పిల్లలను వెచ్చని నిలువ నీటిలో మునకలు వేయనీయకండి.

తేమ, బూజు

నాలుగు ప్రాణాలు ఊపిరి పీల్చి, మూడు పూటలా వంట చేసి, తడి తువ్వాళ్ళు ఆరవేసే చిన్న పెట్టెలో తేమ త్వరగా పేరుకుంటుంది. పరుపుల అడుగున, అలమరాలలో బూజు పడుతుంది. ఉబ్బసం గల పిల్లలకు ఇది విషతుల్యం. తేమను కొలిచే చిన్న పరికరం ఒకటి కొని, 50 శాతానికి దగ్గరగా ఉండేటట్లు చూడాలి. ఏసీ ఫ్యానును ఆగకుండా తిరిగేటట్లు కాక, ఏసీతో పాటు ఆగేటట్లు పెట్టాలి. లేకపోతే యంత్రం పట్టిన తేమనే మళ్ళీ లోపలికి ఊదుతుంది. బిర్యానీ, నిహారీ వంటి గంటల కొద్దీ ఉడికే వంటలను పందిరి కింద బయట చేసుకోవాలి. వాహనం తీసుకునేటప్పుడు ముక్కపుటాలే మంచి సాక్షులు. తలుపు తీయగానే ముక్క వాసన వస్తే ఎంత చవకైనా ఆ వాహనం వద్దు.

దోమలు, చీమలు, మొసళ్ళు

లూసియానాలో వెస్ట్ నైల్ జ్వరాన్ని వ్యాపింపజేసే దోమలు మునిమాపు నుండి తెల్లవారే వరకు కుడతాయి. చీకటి పడేవేళ పిల్లలను ఇంటిలోకి చేర్చుకొమ్మన్న ఉపదేశం మనకు తెలిసినదే. షైతానుల సంచారం అందుకు కారణమని దైవప్రవక్త (స) తెలిపారు. ఆ ఆదేశాన్ని పాటించే కుటుంబం దోమల నుండి కూడా రక్షణ పొందుతుంది. డీట్ లేక పికారిడిన్ ఉన్న మందు రాసుకోవాలి. రెండు నెలలలోపు శిశువులకు మందు రాయకుండా దోమతెర వాడాలి. నిండుగా కప్పే పలుచని, లేతరంగు దుస్తులు ఇక్కడ రెండు విధాలా మేలు.

నేలపై చిన్న మట్టిగుట్టలు కనిపిస్తే అవి మంట పుట్టించే ఎర్రచీమల పుట్టలు. జానమాజ్ పరిచే ముందు నేలను పరికించండి. మొసళ్ళకు ఎన్నడూ తిండి వేయకండి. తిండి మరిగిన మొసలి మనిషికి భయపడదు. పిల్లలను నీటి అంచున ఒంటరిగా వదలకండి. ఇన్ని ప్రాణులున్న చోటు కాబట్టే, విడిది దిగినప్పుడు సృష్టిలోని కీడు నుండి అల్లాహ్ శరణు కోరే దుఆను దైవప్రవక్త (స) నేర్పారు. దానిని పిల్లలచేత కంఠస్థం చేయించడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

పరిసరాలు, భోజనం

లూసియానాలో కొన్ని పెద్ద ఆర్‌.వి. పార్కులు జూదగృహాలకు అనుబంధంగా నడుస్తాయి. వసతులు బాగుంటాయి, ధర తక్కువగా ఉంటుంది. కాని పిల్లలను వెంటబెట్టుకుని జూదం, మద్యం రాజ్యమేలే ప్రాంగణంలో బస చేయడం మనకు తగదు. పేరులో కనిపించకపోయినా పటంలో చూస్తే పక్కన ఏమున్నదో తెలుస్తుంది. వారాంతాలలో సంగీత సంబరాలు జరిగే పార్కులూ ఉంటాయి. సోమవారం నుండి గురువారం వరకు బస చేస్తే ప్రశాంతత దొరుకుతుంది. ఉమ్మడి స్నానశాలలలో స్నానపు గదులకు తలుపులున్నాయా, తెరలేనా అన్నది మన స్త్రీలకు ముఖ్యమైన విషయం. ఫోనులో అడగడానికి సంకోచించనక్కర లేదు.

అక్కడి వంటకాలలో పంది మాంసం అడుగడుగునా కలుస్తుంది. ‘బూడాన్’ అనే అన్నం కలిపిన సాసేజి సాధారణంగా పంది మాంసంతో చేసినదే. ‘గంబో’ అనే పులుసులోనూ, ఎర్ర చిక్కుడుగింజల అన్నంలోనూ అది తరచుగా ఉంటుంది. చేపలనైనా ఏ నూనెలో వేయించారో అడగాలి. హూస్టన్‌లోనే హలాల్ మాంసం కొని, మసాలా పట్టించి గడ్డకట్టించి తీసుకుపోవడం ఉత్తమం. బియ్యానికి మాత్రం కొదువ లేదు; అక్కడి రైతులు వరి పొలంలోనే ‘క్రాఫిష్’ అనే మంచినీటి రొయ్యజాతిని పెంచుతారు. మన పశ్చిమ గోదావరి పెద్దలకు ఆ పొలాలు చూస్తే ఇంటికి వచ్చినట్లుంటుంది.

నమాజు, గుణపాఠం

హూస్టన్ నుండి లాఫయెట్ దాదాపు 345 కిలోమీటర్లు. కాబట్టి నాలుగు రకాతుల ఫర్జ్ నమాజులు రెండుకు కుదించే సౌలభ్యం వర్తిస్తుంది. రెండు నమాజులు కలిపి చేయడంలో మీ ఫిఖ్హ్ చెప్పినది అనుసరించండి. ఖిబ్లా అక్కడ ఈశాన్యం. జీవితమంతా పడమటికి తిరిగి నమాజు చేసిన అమ్మీకి ఇది కొత్తగా ఉంటుంది. దిక్కును గుర్తుగా నేలపై చూపి ఉంచండి. ముగ్గురు ప్రయాణిస్తే ఒకరిని నాయకునిగా ఎన్నుకొమ్మన్న సున్నత్‌ను మరువకండి. ఆగాలా, సాగాలా అన్న వివాదాలు సగం అక్కడే సమసిపోతాయి.

గుణపాఠం తీసుకోదలచినవారికి ఆ నేలలో ఎంతో ఉన్నది. ఫౌంటెన్‌బ్లూ పార్కులో 1829 నాటి చక్కెర మిల్లు శిథిలాలున్నాయి. ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడినవారి రెక్కల కష్టం మీద వెలసిన సంపద అది. ఆ బానిసలలో ముస్లిములూ ఉన్నారు. ఫూతా జల్లాన్ పాలకుని కుమారుడైన అబ్దుర్రహ్మాన్ ఇబ్రాహీమా 1788లో బంధింపబడి, మిసిసిపీ తీరాన నాచెజ్‌లో దాదాపు 40 ఏళ్ళు బానిసగా బతికాడు. 1828లో విముక్తుడై, మరుసటి ఏట లైబీరియాలో మరణించాడు, స్వస్థలాన్ని చేరుకోలేకపోయాడు. బానిసల జీవితాలకే అంకితమైన విట్నీ ప్లాంటేషన్ మ్యూజియాన్ని పిల్లలకు చూపండి. భూమిపై సంచరించి చూడమన్న ఆదేశం అప్పుడు సార్థకమవుతుంది.

తుపాను వేళ

తుపానుల కాలం జూన్ 1 నుండి నవంబరు 30 వరకు. 2005లో కత్రినా, 2021లో ఐడా తుపానులు ఒకే తేదీన, ఆగస్టు 29న, ఆ తీరాన్ని తాకాయి. ఆర్‌.వి. ఇల్లువంటిదే గాని ఇల్లు కాదు. పెనుగాలికి అది ఆశ్రయం కాదు. హెచ్చరిక వినగానే, ఆదేశం కోసం ఎదురుచూడక, డబ్బు పోతుందని చింతించక బయలుదేరాలి. అక్కడ జిల్లాను ‘పారిష్’ అంటారు. హెచ్చరికలు పారిష్ పేరుతోనే వస్తాయి. మీరున్న పారిష్ పేరేమిటో కాగితం మీద రాసి తలుపుకు అంటించండి. ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయమన్నది మన తవక్కుల్ పాఠం.

బుక్ చేసే ముందు అడగవలసినవి

1. ఈ స్థలం ఎప్పుడైనా మునిగిందా? రాకపోకలకు ఎన్ని దారులున్నాయి?
2. కరెంటు 30 ఆంపియర్లా, 50 ఆంపియర్లా? మధ్యాహ్నం వోల్టేజి నిలకడగా ఉంటుందా?
3. మురుగు గొట్టం ఈ స్థలం వద్దనే ఉన్నదా?
4. నీరు క్లోరిన్ కలిపిన ప్రజా సరఫరాదా, బోరుదా?
5. నేల గచ్చా, కంకరా, గడ్డా? పడమర నీడ ఉన్నదా?
6. స్నానశాలలో తలుపులున్న గదులున్నాయా? రాత్రి నిశ్శబ్ద వేళలు ఏవి?
7. తుపాను హెచ్చరిక వస్తే సొమ్ము తిరిగి ఇస్తారా?

ఈ ఏడింటికి ఓపికగా జవాబిచ్చే పార్కు అనేక విషయాలలో మంచిదే అయి ఉంటుంది. విసుగు ప్రదర్శించేవారి వద్ద దిగకపోవడం మేలు.

చివరగా ఒక మాట. వాహనం కొనుగోలు కోసం వడ్డీ అప్పులో దిగకండి. అద్దెతో గడిచే సరదాకు హరామ్ భారం తలకెత్తుకోవడం వివేకం కాదు. పొరుగు స్థలంలో ఉన్నవారికి వంటకంలో కొంత పంపండి. ఒక్క రాత్రి పొరుగువాడైనా పొరుగువాడే, అతనికి హక్కున్నది. వెళ్ళేటప్పుడు స్థలాన్ని మీరు వచ్చినప్పటికన్నా శుభ్రంగా వదలండి. ముస్లిం కుటుంబం ఎలా ఉంటుందో అక్కడివారు చూసేది ఆ శుభ్రతలోనే.

ప్రయాణాలలో మన కుటుంబాలను, ముఖ్యంగా వృద్ధులైన తల్లిదండ్రులను, పసిపిల్లలను అల్లాహ్ తన రక్షణలో ఉంచుగాక! చూసిన ప్రతి దృశ్యం నుండి గుణపాఠం గ్రహించే సద్బుద్ధిని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.